బాలింత ఉన్న ఇల్లు

“లోపల నా మనుమరాలు, పచ్చి బాలింత. మగోళ్లు రావొద్దు.”

గుమ్మానికి అడ్డంగా కూర్చున్న ముసలమ్మ లేవనైనా లేవలేదు. తలుపుకు వేపమండలు వేలాడుతున్నాయి.

నరసరాజు జీపుకు ఆనుకున్నాడు. పటాన్‌చెరు దాటిన దగ్గర్నుంచి ఊరూరా ఇదే వెతుకులాట. హైదరాబాదులో యూనివర్సిటీ వాళ్లు ఎగరేసిన బెలూను ఈ జోగిపేట చేలల్లోనే ఎక్కడో దిగింది. దానికి కట్టిన పెట్టెలో ఫొటో మందు పూసిన గాజుపలకలున్నాయి. ఆకాశం పైనుంచి దూసుకొచ్చే సూక్ష్మకణాల జాడలు వాటి మీద పడి ఉంటాయి. అతని డాక్టరేటు, ఇన్నేళ్ల చాకిరీ, అంతా ఆ పెట్టెలోనే.

“ఇటువైపు పెట్టె ఏదైనా పడిందా అవ్వా?”

“ఏం పెట్టె? అండ్ల ఏముండె?”

“చెప్తే నీకర్థమవుతుందా?”

“చెప్పి సూడు.”

“ఈ ఎండలో నా ప్రాణం తియ్యకు. పడిందా, లేదా?”

“ఏమో. నాకెరుక లేదు.”

డ్రైవరు లింగం గొంతు తగ్గించాడు. “సారూ, గా బర్రెను కట్టిన తాడు జూడుండ్రి. నైలాన్ది. మన పెట్టె తాడే.”

“దొంగ ముసల్ది!” నరసరాజు నేరుగా పటేలు ఇంటికి నడిచాడు.

పటేలు నవ్వాడు. “లచ్చవ్వ మనుమరాలా? గామె ఎప్పుడొచ్చె? ఆడోళ్లను లోపలికి పంపుత. మీరు జెర మజ్జిగ తాగుండ్రి.”

చెంబు కింద పెట్టకముందే బయట కేకలు.

“బాలింత లేదు, పిల్ల లేదు! మంచం కింద డబ్బ ఉంది!”

అతను పరుగున వెళ్లేసరికి పెట్టె నడివీధిలో ఉంది. మూత ఊడదీసి ఉంది. పలకలకు చుట్టిన నల్లకాగితాలు గాలికి దొర్లుతున్నాయి. ఎవడో ఒక పలకను ఎండకెత్తి చూస్తున్నాడు.

“ముసల్ది ఏమన్న తీసిందేమోనని సూసినం సారూ. ఫికర్ లేదు, అన్ని ఉన్నయ్!”

నరసరాజు అరుగు మీద కూలబడ్డాడు. ఎండ సోకిన పలకల్లో ఇక ఏ జాడా మిగలదు. ఆ మాట వాళ్లకు చెప్పే ఓపిక కూడా లేదు.

పోతూ పోతూ లచ్చవ్వ గుమ్మం ముందు జీపు ఆపించాడు.

“ఎందుకు దాచావ్?”

“ఊరోళ్లు దేవులాడుతుండ్రు బిడ్డా. దొరికితె పలగ్గొడుతరు. బాలింత ఉందంటె మగోడు గడప తొక్కడు గద.”

“నాకైనా ఇవ్వచ్చుగా!”

“పాంట్లేసుకున్నోళ్లు నిన్న గూడ వచ్చిండ్రు, మాదే అన్నరు. గందుకే అండ్ల ఏముందని అడిగిన. నువ్వు జెప్పకపోతివి.”

అతను ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు.

పట్టపగలు కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

పెట్టె మీద ‘వెలుతురు తగలరాదు’ అని రాసి ఉందని బడిపంతులు చదివి చెప్పినప్పటి నుంచీ, కిటికీకీ పైకప్పు గూనపెంకుల సందులకూ పాతచీరలు కుక్కి, పొయ్యి పెరట్లోకి మార్చి, దీపమైనా పెట్టకుండా, లచ్చవ్వ ఆ చీకట్లోనే తడుముకుంటూ అతని కోసం కాచుకుని ఉంది.