ఖాళీ బిందె

ఎమ్మెల్యే పోయి ఏడాదైంది. అప్పటినుంచి నియోజకవర్గాన్ని, ఎమ్మెల్యే బదులు సర్కారు పెట్టిన కంప్యూటర్ యంత్రమే చూసుకుంటోంది. కుళాయి ఠంచనుగా వచ్చేది, పింఛను ఒకటో తేదీనే పడేది. చివరికి ఉప ఎన్నిక పెట్టి, యంత్రమే ఉండాలా, వన్నూరప్ప అనే మనిషి రావాలా అని జనాన్ని అడిగారు.

శైలజమ్మ వన్నూరప్పకు వేసింది. ఆమె కోడలు హంసిక యంత్రానికి వేసింది. మూడుసార్లు లెక్కపెట్టాక వన్నూరప్ప ఒక్క ఓటుతో గెలిచాడు.

వారం తిరక్కుండానే కుళాయి ఆగిపోయింది.

"నీ ఒక్క ఓటే అత్తా, ఇంత పని చేసింది! ఆ మిషను నీకేం తక్కువ చేసిందని?" అంది హంసిక.

"ఏం తక్కువ చేయలేదు. మీ మామ పోయిన పొద్దు, పాడె లేవకముందే మరణ పత్రం పంపించింది. వచ్చి పక్కన కూర్చునేకి దానికి కాళ్లేవి?"

అయినా నీళ్లు నీళ్లే. శైలజమ్మ అటక మీది బిందె దింపి, కోడల్ని వెంటబెట్టుకుని, దారిపొడవునా తిట్లు కూడగట్టుకుంటూ వన్నూరప్ప ఇంటికి వెళ్లింది. బిందెతో గేటు మీద గట్టిగా కొట్టింది.

నోట్లో పేస్టు నురగతోనే అతను పరుగెత్తుకొచ్చాడు.

"సాయంత్రానికి ట్యాంకరు పంపిస్తా శైలజక్కా, కోపం చేసుకోవద్దు. అన్న బాగుండాడా?"

తిట్లన్నీ మరిచి శైలజమ్మ బిందె కింద పెట్టింది. యంత్రానికి అన్నీ ముందే తెలుసు కాబట్టి, ఆ మాట ఇంతవరకూ ఆమెను అడగలేదు.

"పోయినాడు నాయనా, ఆరు నెలలైంది," అంటూ ఆమె మెట్టు మీద కూలబడింది.

వన్నూరప్ప భుజం మీది తువ్వాలుతో నురగ తుడుచుకుని, ఆమె పక్కనే కూర్చున్నాడు.