గాజు గదిలో సర్జన్

"శబ్దం వినబడగానే మీట నొక్కండి సార్," అందామె.

ఎముకల డాక్టరు గాజు గదిలో కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. "తొందరగా కానీ. ఏడాదికోసారి మాకీ తద్దినమొకటి!"

మూడేళ్ల క్రితం ఆమె ఆయన దగ్గర ఆపరేషన్ థియేటర్లో నర్సు. డ్రిల్లు తిరుగుతుండగా, "సార్, ఆపండి! ఆ కాలు కాదు!" అని మాస్కులోంచి మూడుసార్లు అరిచింది. విచారణలో ఆయన, "ఈవిడ నోరు విప్పితే ఒట్టు," అన్నాడు. ఆమెను తెచ్చి ఈ వినికిడి పరీక్షల గదిలో పడేశారు. అప్పటినుంచీ పళ్లు నూరుతూనే ఉంది.

ఎంత సన్నటి శబ్దానికైనా ఆయన టకటకా నొక్కేస్తున్నాడు. పాము చెవులు! అంటే ఆరోజు విని కూడా విననట్టు నటించాడన్నమాట. ఆమె కడుపు మండిపోయింది.

అప్పుడు గమనించింది. ఆయన చూపంతా, శబ్దం పంపే ఆమె వేళ్ల మీదే ఉంది.

శబ్దం పూర్తిగా ఆపేసి, వేలు ఊరికే కదిపింది. నొక్కాడు. మళ్లీ కదిపింది. మళ్లీ నొక్కాడు.

చేతికి ఫైలు అడ్డం పెట్టుకుని ఈసారి నిజంగానే శబ్దం పంపింది. పెంచింది. ఇంకా పెంచింది. ఆయన కదల్లేదు.

"పాసేనా?" అన్నాడు బయటికొచ్చి, ఆమె పెదాల వంకే చూస్తూ.

"ఆరోజు మీరు అబద్ధమాడారనుకున్నాను సార్. మీకు నిజంగానే వినబడలేదు. అదే రాశాను."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇది పైకి వెళ్తే నన్నింక డ్రిల్లు ముట్టనివ్వరమ్మా. నీకు దణ్ణం పెడతాను..."

ఆమె కాగితం మీద ముద్ర గుద్ది, తలెత్తి, ఆయనకు తెలిసేలా ఒక్కో మాటా నెమ్మదిగా పలికింది.

"నాకు వినబడలేదు సార్."