సబ్బుతో తోమిన మూకుడు

"మా హోటల్ ఉన్న పాత కట్టడానికి పొగ పట్టకూడదని తాళం వేయించింది మీరే!" అమెరికాలోని మేకన్ ఊరి మ్యూజియంలో ఒడెస్సా గొంతు నాలుగు గదులకూ వినిపించింది. "చర్చి వంటింట్లోనైనా వండుకుంటాను. జనానికి చూపిస్తామని మీరు తెచ్చుకున్న మా అమ్మ ఇనప మూకుడు ఇచ్చెయ్యి."

"చూస్తే మురిసిపోతారు, ఒడెస్సా అమ్మగారూ," అంటూ అధికారి ప్రెస్టన్ అద్దాల పెట్టె తెరిచాడు.

మూకుడు వెండిలా మెరుస్తోంది.

"నల్లగా ఉండాలి కదా?"

"ఆ మురికంతా పోగొట్టామండీ. వారం రోజులు మందునీళ్ళలో నానబెట్టి, సబ్బుతో తోమించాం."

ఒడెస్సా వేలితో అడుగు తడిమింది. అమ్మ పోసిన పంది కొవ్వు, తను పోసిన కొవ్వు, అరవయ్యేళ్ళు పొర మీద పొరగా కాలి పట్టిన నలుపది. మొక్కజొన్న రొట్టె దాని మీద అంటుకోకుండా ఊడొచ్చేది. ఒకసారి సబ్బు ముట్టించబోయిన కోడలితో అమ్మ నెల రోజులు మాట్లాడలేదు.

"వాడితే మళ్ళీ నల్లబడుతుంది లెండి."

"నల్లబడుతుంది నాయనా. మా అమ్మ చేత్తో కొవ్వు ఎవరు పోస్తారు?"

పెట్టె మీద బంగారు అక్షరాలతో 'మేకన్ రుచి' అని రాసి ఉంది.

ఒడెస్సా మూకుడు అతని వైపు తోసింది. "ఇది నువ్వే ఉంచుకో. ఆ రాసింది మాత్రం చెరిపించు. రుచిని కడిగి పారబోశామని రాయించు. ఇప్పుడే, నేను చూస్తుండగా."