పీకుడు మామ్మ

పుటుక్కున గుండీ ఊడి వచ్చింది.

అందరూ తల తిప్పి చూశారు.

మామ్మ చేతిలో గుడ్డ పుస్తకం ఉంది. చెట్టుకి పండులా కుట్టిన ఎర్ర గుండీ ఇప్పుడు ఆవిడ వేళ్ల మధ్య ఉంది.

“ఏంటండీ ఇది! రెండ్రోజులు కూర్చుని కుట్టాను” అంది పిచుక వాళ్లమ్మ.

“లాగితే వచ్చిందమ్మా.”

“అసలు లాగమని ఎవరన్నారు?”

మామ్మ గుండీని బల్ల మీద పెట్టి, పక్కనున్న బొమ్మ అందుకుంది.

పిచుక అంటే నాలుగేళ్ల పిల్ల. కాలు ఒకచోట నిలవదని ఇంట్లో ఆ పేరు పెట్టారు. దాన్ని కాసేపు కూర్చోబెట్టడానికి వాళ్లమ్మ అట్టపెట్టెలతో అంకెల రైలు చేసింది. సీసా మూతలతో రంగుల పాము చేసింది.

పిచుక కూర్చుంది. దాన్ని చూసి పక్కింటి పిల్లలూ వచ్చి కూర్చున్నారు.

చూస్తూ చూస్తూ ఉండగానే శనివారం వచ్చిందంటే అపార్ట్‌మెంట్ కింది గదిలో కాలు పెట్టే సందు లేకుండా పోయేది. పిల్లలు ఆడుకుంటుంటే పిచుక వాళ్లమ్మ తల్లులకి బొమ్మల తయారీ నేర్పేది. తను చేసినవి అడిగినవాళ్లకి ఇచ్చేసేది.

“ఒక్క అట్టపెట్టె నా చేతిలో పెట్టండి. సాయంత్రానికి బడి కట్టేస్తాను” అనేది.

గొప్పలు కాదు. నిజంగానే కట్టేసేది.

ఆ సందట్లోకి మామ్మ ఎప్పుడు వచ్చి చేరిందో ఎవరికీ గుర్తులేదు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుందని మాత్రమే తెలుసు. వెంట మనవడూ లేడు, మనవరాలూ లేదు. వచ్చి, ప్రతి బొమ్మనీ పట్టుకుని గుంజుతుంది. మెలిపెడుతుంది. నేలకేసి కొడుతుంది. ఊడినదాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంది.

తల్లులు ఆవిడకి పీకుడు మామ్మ అని పేరు పెట్టారు.

“ఇంట్లో పీకడానికి ఏమీ మిగల్లేదు కాబోలు” అంది ఒకావిడ.

పిచుక వాళ్లమ్మ కూడా పకపకా నవ్వింది. కానీ ఆమెకి రోషం ఎక్కువ. ఊడినవన్నీ ఇంటికి పట్టుకెళ్లి, రెండు వరసలు ఎక్కువ కుట్టి, మరుసటి శనివారం తనే మామ్మ ముందు పెట్టేది.

“ఇప్పుడు లాగండి, చూద్దాం!”

మామ్మ లాగేది. ఊడకపోతే తిరిగి ఇచ్చేసేది. బాగుందన్న మాట ఒక్కటీ ఆ నోట్లోంచి రాలేదు.

ఒకసారి పక్క వీధి తల్లులు కూడా వచ్చారు. పిచుక వాళ్లమ్మ ఉత్సాహంగా గలగల సీసా ఎత్తి చూపించింది. లోపల రంగురంగుల పూసలు.

“చెవి దగ్గర ఆడిస్తే పిల్లలు ఎంత మంకుపట్టు మీదున్నా ఇట్టే...”

మామ్మ లేచింది. సీసా లాక్కుంది. మూత పళ్లతో పట్టి ఒక్క తిప్పు తిప్పింది.

పూసలు గదంతా దొర్లాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. పిచుక వాళ్లమ్మ మొహం కందగడ్డ అయింది.

“మీకు దణ్ణం పెడతాను మామ్మగారూ. ఇంక మీరు ఇక్కడికి రాకండి.”

మామ్మ ఆమె మొహంలోకి ఒక్కసారి చూసింది.

“అలాగేనమ్మా. మూతకి మాత్రం జిగురు పెట్టు.”

మళ్లీ రాలేదు.

పిచుక వాళ్లమ్మకి ప్రాణం హాయిగా ఉంది. పీకేవాళ్లు లేరు, మళ్లీ కుట్టే పని లేదు. చకచకా బొమ్మలు తయారయ్యాయి. గుడ్డ చేపలైతే బుట్టెడు చేసింది.

ఆ చేపలు పంచిన రోజునే, ఎవరి చంకనో వచ్చిన చంటిది ఒకటి ఉన్నట్టుండి చప్పుడు మానేసింది.

ఏడవడం లేదు. దగ్గడం లేదు. నోరు తెరుచుకునే ఉంది.

“అయ్యో, నా తల్లీ!” అని దాని తల్లి గుండెలు బాదుకుంది.

పిచుక వాళ్లమ్మ ఒక్క ఉదుటున పిల్లని లాక్కుని, ఒళ్లో బోర్లా వేసుకుని, తల కిందికి వంచి వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. మళ్లీ.

నీలం పూస టక్కుమని నేల మీద పడింది.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని గదిలో అందరికీ ఊపిరి వచ్చింది.

పిచుక వాళ్లమ్మ చేపని తీసుకుంది. ఒక కన్ను లేదు. రెండో కన్ను పట్టుకుని లాగింది.

వచ్చేసింది.

ఆమె మెట్లెక్కి మూడో అంతస్తుకి పరిగెత్తింది. తలుపు తీసే ఉంది. లోపల ఒకాయన సామాన్లు మూటగడుతున్నాడు.

“మామ్మగారు లేరాండీ?”

“అమ్మ పోయిన వారం మా ఊళ్లో కాలం చేసిందండీ.”

ఆయన ఆమె చేతిలోని గుడ్డ చేపని చూశాడు.

“మీరు పిచుక వాళ్లమ్మగారా? ‘కింద ఒక పిల్ల ఉందిరా, నామీద ఎంత విసుక్కున్నా మళ్లీ గట్టిగా కుట్టుకొస్తుంది’ అని మురిసిపోయేది.”

“ఆవిడ... బొమ్మల కంపెనీలో గట్టిదనం పరీక్షించే పని చేసేవారా?”

“లేదండీ. అచ్చం మీలాగే. ఇంట్లోనే కుట్టి, వీధిలో పిల్లలందరికీ ఊరికే ఇచ్చేదట. మా అక్క పుట్టాక మొదలుపెట్టిందట.”

“మీ అక్కగారు వచ్చారా? ఒక్కసారి కలుస్తాను.”

ఆయన తాడు ముడి వేయడం ఆపాడు.

“అక్కని నేనూ చూడలేదండీ” అన్నాడు నెమ్మదిగా. “అమ్మ కుట్టిచ్చిన బొమ్మే నోట్లో పెట్టుకుని, మాటలైనా రాకముందే పోయింది.”