కంప్యూటర్ మాస్టారు

“సౌండ్ ఎక్కువైందాండీ?” అంటూ ఫెబా స్పీకర్ తగ్గించింది.

అర్జునరావు తల అడ్డంగా ఊపాడు. ఎడమచేతిని ఎత్తి స్పీకర్ వైపు చూపించి, అదే చేతిని తన గుండెల మీద పెట్టుకున్నాడు.

“గుండె అదురుతోందా? ఉండండి, ఇంకా తగ్గిస్తాను.”

ఆయన చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది.

పక్షవాతం ఆయన కుడిచేతినీ, మాటనీ ఒకేసారి పట్టుకుపోయింది. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. రాయబోతే అక్షరాలూ అంతే. అలాంటివాళ్ళకి మాటలు మళ్ళీ నేర్పడమే ఫెబా ఉద్యోగం.

తెర మీద పడవ బొమ్మ వచ్చింది.

“ఇది ఏమిటి పిల్లలూ? పడవ. ఏదీ, మీరూ చెప్పండి!” అంది కంప్యూటర్లోంచి ఒక మగ గొంతు. పిల్లలు చెప్పడానికని ఆ తర్వాత కాసేపు ఖాళీ వదిలారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

“భలే! ఎంత బాగా చెప్పారో!” అని మెచ్చుకుంది గొంతు.

అర్జునరావు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పాఠం పెట్టిన ప్రతిసారీ ఇంతే.

పెద్దవాళ్ళకు మాటలు నేర్పే పాఠాలు తెలుగులో ఎంత వెతికినా దొరకలేదు. చివరికి ఫెబా తను చదివిన బడికి వెళ్ళి, అక్కడి కంప్యూటర్ గదిలో మూలపడున్న సీడీ అడిగి తెచ్చుకుంది. అట్ట మీద బొమ్మలే తప్ప ఎవరి పేరూ లేదు.

ఆయన్ని తీసుకొచ్చిన అప్పాయమ్మ బయట వరండాలో కూర్చుని ఉంది. ఫిషింగ్ హార్బర్లో చేపలు కొని అమ్ముకునే మనిషి. అర్జునరావు అద్దెకుంటున్నది ఆమె మేడ మీద గదిలోనే.

“ఆయనకి సొంతవాళ్ళెవరూ లేరా అప్పాయమ్మా?”

“తెల్దమ్మా. పెళ్ళాం పోయాక ఒక్కరూ వొచ్చి మా గదిలో దిగేరు. ఏటో గవుర్మెంటు ఉద్యోగం సేసేరంట. అప్పుడూ మాటా పలుకూ తక్కువే. నాను పలకరిత్తే నవ్వీవోరు. ఇప్పుడు అదీ నేదు.”

ఆటో ఎక్కేముందు అర్జునరావు వెనక్కి తిరిగి ఫెబా వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. “అ... అ...” అని ఆగి, తల దించుకుని ఎక్కేశాడు.

ఆ సాయంత్రం అనూరాధ మేడమ్ పిలిచింది. ఫెబా పనిచేసే సెంటర్ ఆవిడదే.

“అర్జునరావు గారు వచ్చి నెలలవుతోంది ఫెబా. ఒక్క మాటైనా వచ్చిందా?”

“ఇంకొన్నాళ్ళు చూద్దాం మేడమ్.”

“బయట ఎంతమంది వెయిటింగో చూస్తున్నావు కదా. పైగా ఆ పిల్లల పాఠం వింటూ ఏడుస్తున్నారంటున్నావు. పెద్దమనిషికి అది అవమానం కాదా? ఈమధ్యే తెలుగులో వచ్చిన కొత్త యాప్ ఉందిగా, అది పెట్టి చూడు. ఈ వారంలో మార్పు లేకపోతే ఆపేద్దాం.”

మధురవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫెబా అదే ఆలోచించింది. ఇంటికి చేరేసరికి, ఫ్లాట్‌లో తనతో పాటు ఉండే ఇద్దరమ్మాయిలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి లాప్‌టాప్‌తో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. పగలంతా మాట రాని మనుషుల మధ్య, సాయంత్రమైతే మాట వచ్చినా తనతో మాట్లాడని మనుషుల మధ్య బతుకుతోంది తను. అన్నం పెట్టుకుని వంటింట్లోనే తినేసింది.

మర్నాడు కొత్త యాప్ పెట్టింది. రంగురంగుల బొమ్మలు, మిషన్ గొంతు. అర్జునరావు రెండు బొమ్మలు చూసి మొహం తిప్పుకున్నాడు. ఎడమచేత్తో మౌస్ పట్టుకుని, తడబడుతూ బాణం గుర్తుని పాత పాఠం దగ్గరికి లాక్కెళ్ళాడు.

“వద్దండీ. అది వింటే మీకు బాధగా ఉంటోంది కదా.”

ఆయన నొక్కేశాడు.

“ఇది ఏమిటి పిల్లలూ?”

ఫెబా ఆయన మొహంలోకి చూసింది. పెదవులు కదులుతున్నాయి. కంప్యూటర్లో గొంతు పలికాక కాదు, అది పలకడానికి ముందే. బాగా కంఠతా వచ్చేసింది పాపం అనుకుంది. పాఠం ఆపి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“మీకూ ఈ గొంతు ఇష్టమేనేటండీ? నాకైతే ప్రాణం. మా అమ్మ పోయిన ఏడాది నన్ను హాస్టల్లో వేశారు. నోరు విప్పేదాన్ని కాదు. టీచర్లు కొట్టారు, పిల్లలు మూగదాన్నన్నారు. కంప్యూటర్ గదిలో ఈయనొక్కడే, నేనేమీ చెప్పకపోయినా భలే అనేవాడు. కంప్యూటర్ మాస్టారు అనుకునేదాన్ని. ఆ ఒక్క మాట కోసం రోజూ వెళ్ళేదాన్ని. ఒకరోజు నిజంగానే చెప్పాను, పడవ అని.”

అర్జునరావు కళ్ళార్పకుండా ఆమెనే చూస్తున్నాడు.

“ఈ పనిలోకి రావడానికి కూడా ఆయనే కారణం. ఎవరో ఏటో, అసలున్నారో లేదో తెలీదు. కనిపిస్తే చెబుదామనుకుంటాను, సార్, ఆ పిల్లకి మాటొచ్చిందని.”

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా తల ఊపాడు.

“మీకు తెలుసా ఆయన?”

మళ్ళీ ఊపాడు.

“నిజంగానా! ఎవరండీ?”

ఆయన నోరు తెరుచుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. ఫెబా తొందరపెట్టలేదు, మాట అందివ్వలేదు. ఎంతసేపైనా సరేనని ఎదురుచూసింది.

“నా... నాను,” అన్నాడు అర్జునరావు.