రోస్కో కోటు

బల్ల మీద రెండు టోపీలు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

టోపీల కింద పరిచిన తెల్ల దుప్పటి వెర్లీన్‌ది. ఈస్టర్‌కి తప్ప బయటికి తీయదు. పొద్దున్నే ఇస్త్రీ చేసి, మడత నలక్కుండా రెండు చేతుల మీదా స్కూలు జిమ్‌కి మోసుకొచ్చింది.

ఆమె మనవడు కీషాన్ ఏ టోపీ పెట్టుకుంటే ఆ యూనివర్సిటీకి ఫుట్‌బాల్ ఆడతాడు. కాగితం మీద వాడిదొక సంతకం, వాళ్ళ నాన్నదొక సంతకం కావాలి.

వాళ్ళ నాన్న రోస్కో ఇంకా రాలేదు.

"వస్తాడంటావా?" అంది పక్క కుర్చీలోంచి లూవేనియా. చర్చిలో ముప్ఫై ఏళ్ళుగా వెర్లీన్ పక్కనే నిలబడి పాడుతున్న మనిషి.

"వాణ్ణి కన్నది నేనా, నువ్వా? ఊరికే కూర్చో."

"కూర్చున్నాలేవే. ఈ ఏడాది మీ ఇంట్లో కోచ్‌లు తిన్నంత మన పాస్టరు జన్మలో తిని ఉండడు. అందుకే నీ మీద గుర్రుగా ఉన్నాడు."

నీలం టోపీ కోచ్ పెట్‌వే అయితే కీషాన్ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ వాణ్ణి తన జట్టులోకి అడగడానికి వస్తూనే ఉన్నాడు. మొక్కజొన్న రొట్టె మారు అడిగి మరీ తినేవాడు. తిన్న కంచం తనే కడిగి పెట్టేవాడు. జూన్‌లో ఒక ఆదివారం వెర్లీన్ అతనికి రెండో గరిటె కూర వడ్డిస్తూ, "వీడిక మీవాడేనండీ" అనేసింది.

తన బల్ల దగ్గర అన్న మాటంటే రాసిచ్చినట్టేనని ఆమె లెక్క.

ఎర్ర టోపీ వాళ్ళ తరఫున వచ్చింది కోచ్ కాదు, అభిమానుల సంఘం కుర్రాడు. పోయిన వారమే, ఒక్కసారే. ఫోన్ చూసుకుంటూ చికెన్ ముక్క సగం కొరికి, ఏడాదికి ఇంత డబ్బిస్తామని ఒక అంకె చెప్పాడు.

ఇప్పుడు ఆటగాడు తన పేరూ మొహమూ అమ్ముకోవచ్చట. రూలు మారిందట. ట్రక్కుల షాపు ప్రకటనలో నిలబడి నవ్వితే చాలట. మిగతాది సంఘం చూసుకుంటుందట.

ఆ అంకె విని రోస్కో లేచి బయటికి వెళ్ళి, తను నడిపే దుంగల లారీ పక్కన చాలాసేపు నిలబడ్డాడు.

ఒకప్పుడు రోస్కో కూడా ఎర్ర టోపీవాడే.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఆ యూనివర్సిటీ ఉన్న కొండల ఊరి చలికి పల్చటి చొక్కాతో వణుకుతూ పోతుంటే, వాడి ఆటంటే ప్రాణం పెట్టే బట్టల కొట్టాయన లోపలికి పిలిచి కోటు తొడిగి పంపాడు. ఆటగాడు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదని అప్పటి రూలు. ఎవరో పైవాళ్ళకి చేరవేశారు. విచారణకని టైలు కట్టుకున్న ముగ్గురు వచ్చి వాణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగారు.

కోటు ఖరీదెంత అని అడిగారు. మూడుసార్లు అడిగారు. ధర చీటీ ఇంకా కోటు చేతికి వేలాడుతూనే ఉంది.

క్రిస్మస్ లోపే ఇంటికి పంపేశారు. ఆ తరవాత దుంగల లారీ. ఆ తరవాత నడుం నొప్పి.

కోటు అల్మారాలో ఉండిపోయింది. రోస్కో తొడగనూ లేదు, పారెయ్యనూ లేదు.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర కీషాన్ అన్నాడు, "నాన్నా, ఎరుపుకి నువ్వు సంతకం పెట్టనంటే చెప్పు. నీలమే పెట్టుకుంటా. పెట్‌వే సార్ అంటే నాకూ ఇష్టమే."

"మరి ఎరుపు ఎందుకురా?"

"నువ్వు ఆ లారీ దిగాలి."

"నా నడుం సంగతి నీకెందుకు? ఆడేది నువ్వు."

"పెట్‌వేకి నేను మాటిచ్చాను" అంది వెర్లీన్.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. తరవాత ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకున్నారు.

జిమ్ తలుపు తెరుచుకుంది.

లోపల హీటర్ వేడికి అందరూ విసురుకుంటున్నారు. రోస్కో మాత్రం అల్మారాలోని ఆ కోటు తొడుక్కుని వచ్చాడు. భుజాల దగ్గర బిగుసుకుపోయింది. ముందు వైపు రెండంచులూ కలవలేదు.

"అదేనా?" అంది లూవేనియా, చాలా మెల్లగా.

వెర్లీన్ తల ఊపింది.

రోస్కో వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. "బొత్తాలతో కుస్తీ పట్టేసరికి ఆలస్యమైందిరా."

కీషాన్ నవ్వలేదు. తండ్రి కోటు చూస్తూ ఉండిపోయాడు.

రోస్కో కలం మూత తీసి, ఎర్ర టోపీ కేసి గడ్డం ఎత్తాడు.

కీషాన్ టోపీ పెట్టుకున్నాడు. జిమ్ దద్దరిల్లింది. ఆ గోలలోనే తండ్రీ కొడుకూ తలొక సంతకం పెట్టారు.

నీలం టోపీ ఒక్కటే దుప్పటి మీద మిగిలింది. వెర్లీన్ దాన్ని తీసి చేతిసంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికే అది?" అంది లూవేనియా.

"పెట్‌వేకి నేనే ఇచ్చి రావాలి. తినడానికి కూడా ఏదైనా పట్టుకెళ్తా."

సంఘం కుర్రాడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చేతిలో కొత్త ఎర్ర జాకెట్. గుండెల మీద 'కీషాన్ నాన్న' అని కుట్టించారు.

"ఇది మీకు సార్. ఆ పాతది తీసెయ్యండి, మన రంగు వేసుకోండి."

రోస్కో జాకెట్ అందుకోలేదు.

"ఇది నేను పుచ్చుకోవచ్చా?" అని అడిగాడు.

కుర్రాడు పగలబడి నవ్వాడు. "భలేవారు సార్." మహా అయితే పాతికేళ్ళుంటాయి వాడికి.

రోస్కో జాకెట్ తీసుకుని, తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు.

వెర్లీన్ జాకెట్ మెడ దగ్గర తడిమింది. రెండు చేతులూ తిప్పి చూసింది. లోపలి వైపు మళ్ళించి, జేబుల్లో కూడా వెతికింది.

ధర చీటీ ఎక్కడా లేదు.