ఏడుపుకు మార్కులు

“ఆపమ్మా, ఆపు!” టీచరమ్మ చప్పట్లు కొట్టింది. “భర్త పోయినావిడ చొక్కా మడతపెట్టుకుంటూ కూర్చుంటుందా? ఏడుపేదీ?”

మా అమ్మాయి వాళ్ల నాన్న చొక్కా చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయింది. డిగ్రీలో దాని చదువే నాట్యం. ఆఖరి పరీక్ష రేపే. తనే సొంతంగా అల్లుకున్న నాట్యం చూడమని నన్ను పిలిచి, గోడ వారగా కూర్చోబెట్టింది.

“మా అమ్మ అలాగే చేసింది మేడమ్. నాన్న పోయిన రోజంతా ఆ ఒక్క చొక్కానే విప్పుతూ, మడతపెడుతూ కూర్చుంది.”

అప్పటికి అంత చిన్న పిల్ల, అదంతా చూసిందా! ఆ రోజు మా ఆడపడుచు నలుగురిలో “కంట తడి లేదు, ఏం గుండె తల్లీ!” అంది. ఇన్నాళ్లకు ఒక్కరికైనా అర్థమయ్యానని నా కడుపు నిండిపోయింది.

“మీ అమ్మ సంగతి నాకెందుకు? మార్కులేసేవాళ్లకి దుఃఖం కనబడాలి.”

అమ్మాయి నా వైపు చూడలేదు. చొక్కా విసిరేసింది. నేల మీద పడి, గుండెలు బాదుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

“అదీ! ఇప్పుడు నమ్ముతారు” అని టీచరమ్మ సంతోషంగా వెళ్లిపోయింది.

అమ్మాయి చెమట తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది.

“బాగా ఏడ్చావే” అన్నాను.

“ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నానమ్మా. ఆ రోజు నీకు నిజంగానే బాధ కలగలేదా?”

నేను లేచి వెళ్లి నేల మీది చొక్కా తీశాను. దుమ్ము దులిపి, మడతపెట్టడం మొదలుపెట్టాను.